ఆచంద్రతారార్కమా, ఏడు రోజులా?

వేటపాలెం అనగానే కొందరికి జీడిపప్పు గుర్తొస్తుంది, కొందరికి చేనేత గుర్తొస్తుంది. పాత తెలుగు పత్రికల మీద పరిశోధన చేసినవాళ్లకు మాత్రం ఆ ఊరంటే సారస్వత నికేతనమే. ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠి 1918లో మొదలుపెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను కూడా అక్కడ దాచి ఉంచారు. చూడవచ్చినవాళ్లు ముందు కర్ర చూపించమంటారు. పరిశోధకులు మాత్రం నేరుగా పాత పత్రికల బొత్తుల దగ్గరికి వెళతారు.

దినపత్రిక ఆయుష్షు ఒక్క రోజు. మర్నాటికి అది అల్మరా అరలోకో, బజ్జీల పొట్లంలోకో చేరుతుంది. మిగిలినవి నెలాఖరున కిలోల లెక్కన తూకానికి పోతాయి. ఊరంతా తూకానికి వేసిన కాగితాన్నే వేటపాలెంలో వేయకుండా ఉంచారు. వందేళ్ల కింద ఎవరో ఒక గుమాస్తా అల్మరా ఖాళీ చేద్దామనుకుని ఉంటే చరిత్ర రాసేవాళ్లకు కొన్ని దశాబ్దాలు చీకటైపోయేవి.

కంప్యూటర్ సర్వర్ల దగ్గరికి ఆ గుమాస్తా రోజూ వస్తాడు. అర్ధరాత్రి రెండింటికి వస్తాడు, జీతం అడగడు, సెలవు పెట్టడు. పేరు క్లీనప్ స్క్రిప్ట్. డేటాబేస్‌కు బ్యాకప్ ఎలా తీయాలో చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. తీసిన బ్యాకప్ గడువుకు ముందే చెరిగిపోకుండా ఎలా కాపాడాలన్నది మాత్రం చాలా ఆఫీసుల్లో సర్వనాశనం జరిగాకగానీ చర్చకు రాదు.

ఈ చింత మన పూర్వులకు తెలియనిది కాదు. వేంగి చాళుక్యుల దానశాసనాలను చూస్తే తెలుస్తుంది. రాగి రేకుల మీద దానం వివరాలు చెక్కి, రేకులన్నిటికీ ఒకపక్క రంధ్రం చేసి, అందులోంచి ఒక కడియం దూర్చి, కడియం కొసలను రాజముద్రలో బిగించేవారు. ముద్ర మీద వరాహమూ, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదూ ఉండేవి. మధ్యలోంచి ఒక రేకు తీసేయాలన్నా, కొత్త రేకు చేర్చాలన్నా కడియం కోయాల్సిందే. కోస్తే ఆ కోత కనబడిపోతుంది. శాసనం చివర, ఇచ్చిన భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడన్న శాపం. దానం చెల్లుబాటు గడువు ఆచంద్రతారార్కం, అంటే సూర్యచంద్రులూ నక్షత్రాలూ ఉన్నంతకాలం. నేటి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల భాషలో చెప్పుకుంటే రిటెన్షన్ పీరియడ్, మార్చడానికి వీల్లేని తాళం, మార్చితే బయటపడే ఏర్పాటు, మూడూ ఆ రాగి రేకుల్లో ఉన్నాయి. శాపాన్ని మాత్రం ఏ క్లౌడ్ కంపెనీ ఇంకా అమ్మడం లేదు.

మన కాలానికి వస్తే, తెలుగు పుస్తకాల విషయంలోనే ఒక పెద్ద పరీక్ష జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ వంటివి ఇందులో పాలుపంచుకున్నాయి. వేల తెలుగు పుస్తకాలు అలా తెర మీదికి వచ్చాయి. కాపీరైటు చిక్కుల మధ్య 2017 ప్రాంతంలో ఆ సైటు పాఠకులకు అందకుండా పోయింది. అయినా పుస్తకాలు పోలేదు. కార్ల్ మలముద్ అనే అమెరికన్ సమాచార హక్కుల కార్యకర్త అందులోని నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మరో ప్రతిగా పెట్టి ఉంచారు. ఇవాళ ఎవరైనా పాత తెలుగు నవల కోసం వెతికితే చాలాసార్లు తేలేది ఆ ప్రతే. కాపీరైటు ఉన్న పుస్తకాలను అలా పెట్టవచ్చా అన్నది వేరే తగవు, అందులో రెండు వైపులా న్యాయముంది. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. మొదటి సైటును మూసే అధికారం ఉన్నవాళ్లకు రెండో ప్రతిని మూసే అధికారం లేదు. నిలబెట్టింది అదే.

డేటాబేస్‌ల లోకంలో దీనికి పూర్తిగా తిరగబడిన కథ కోడ్ స్పేసెస్‌ది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కోడ్‌ను భద్రపరిచే కంపెనీ అది. 2014 జూన్‌లో ఒక దుండగుడు వాళ్ల అమెజాన్ క్లౌడ్ ఖాతాలోకి చొరబడి డబ్బు అడిగాడు. కంపెనీవాళ్లు ఖాతాను తిరిగి చేజిక్కించుకోబోతుంటే అతడు దొరికినదల్లా చెరపడం మొదలుపెట్టాడు. డేటా, దాని స్నాప్‌షాట్‌లు, బ్యాకప్‌లు అన్నీ ఒకే ఖాతాలో, ఒకే తాళంచెవి కింద ఉన్నాయి. పన్నెండు గంటల్లో వ్యవహారం ముగిసింది. కంపెనీ మూతపడింది. ఇంట్లో బీరువా తాళం, బ్యాంకు లాకరు తాళం ఒకే గుత్తికి వేసి గుమ్మానికి తగిలించినట్టయింది.

దొంగ లేకుండానే ఇలాంటి నష్టం జరిగిన సందర్భాలే ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తాయి. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్ కేంద్రంలో 2021 డిసెంబరులో 77 టెరాబైట్ల పరిశోధన డేటా, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు మాయమయ్యాయి. కారణం బ్యాకప్ ప్రోగ్రాములోని ఒక చిన్న స్క్రిప్ట్. దాని పని పది రోజులు దాటిన పాత లాగ్ ఫైళ్లను ఊడ్చెయ్యడం. స్క్రిప్ట్ నడుస్తుండగానే దాని స్థానంలో సవరించిన కొత్త స్క్రిప్ట్‌ను పెట్టారు. నడుస్తున్నది సగంలోంచి కొత్తదాన్ని చదువుకుంది. ఎక్కడ ఊడ్వాలో చెప్పే పేరు దానికి ఖాళీగా దొరికింది. దాంతో లాగ్‌లకు బదులు నిల్వలోని అసలు ఫైళ్లను ఊడ్చేసింది. 14 పరిశోధన బృందాలు నష్టపోయాయి, నాలుగు బృందాల డేటా తిరిగి రాలేదు. సరఫరా చేసిన కంపెనీ తప్పు ఒప్పుకుంది. బ్యాకప్ కోసం పెట్టిన ప్రోగ్రామే ఈ పని చేసిందన్నది మరవరాదు.

ఆస్ట్రేలియాలో ఆరు లక్షలకు పైగా సభ్యులున్న యూనిసూపర్ పింఛను నిధికి 2024 మే నెలలో మరో రకం అనుభవం. గూగుల్ సిబ్బంది ఆ సంస్థకు ప్రైవేట్ క్లౌడ్ ఏర్పాటు చేసేటప్పుడు ఒక గడి నింపకుండా వదిలేశారు. ఖాళీ గడికి యంత్రం తనంతట తాను ఏడాది గడువు రాసుకుంది. ఏడాది నిండిన రోజున మొత్తం చెరిపేసింది. ఖాతాదారు అడిగి చేయించుకున్న తొలగింపు కాదు కనుక ముందస్తు హెచ్చరిక కూడా వెళ్లలేదు. మరో సంస్థ దగ్గర ఉంచుకున్న బ్యాకప్‌లు, గూగుల్ స్టోరేజిలోనే విడిగా ఉన్నవి కలిసి ఆ నిధిని గట్టెక్కించాయి. వారానికి పైగా సభ్యులు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు, సొమ్ము మాత్రం పోలేదు.

మన దేశంలో ఎయిమ్స్ ఢిల్లీ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరు 23న రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) దాడితో ఆసుపత్రి సర్వర్లు స్తంభించాయి. దాదాపు రెండు వారాల పాటు ఓపీ చీటీలు చేత్తో రాశారు. చివరకు దాడి సోకకుండా మిగిలిన ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చుకున్నారు. అదొక్కటీ సోకి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. రాన్సమ్‌వేర్ రాసేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. 2017 మేలో ప్రపంచాన్ని వణికించి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటికి కూడా అంటుకున్న వాన్నక్రై, ఫైళ్లకు తాళం వేయడంతో ఊరుకోకుండా విండోస్ దాచుకున్న షాడో కాపీలను కూడా చెరిపేసేది. బాధిత సంస్థలను సోఫోస్ కంపెనీ అడిగి 2024లో వెలువరించిన సర్వేలో, దుండగులు తమ బ్యాకప్‌ల మీద కూడా పడ్డారని 94 శాతం చెప్పాయి. ఆ ప్రయత్నాల్లో సగానికి పైగా ఫలించాయి.

దొంగను పక్కన పెడదాం. మామూలు రోజుల్లో బ్యాకప్ ముందే ఎందుకు చెరిగిపోతుంది?

అన్నిటికంటే మామూలు కారణం డిస్కు నిండిపోవడం. రాత్రి డేటాబేస్ ఆగిపోతుంది, ఫోను మోగుతుంది, నిద్రకళ్లతో లేచిన మనిషికి కనిపించే అతి పెద్ద ఫైళ్లు బ్యాకప్‌లే. రెండు తీసేస్తే చోటు దొరుకుతుంది, డేటాబేస్ లేస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. తీసేసిన రెండిటిలో ఒకటి ఆదివారం నాటి పూర్తి బ్యాకప్ అయితే ఏమైనట్టు?

దీనికి చీరాల, వేటపాలెం మగ్గాల దగ్గరే పోలిక ఉంది. పూర్తి బ్యాకప్ పడుగు లాంటిది. ఆ తర్వాత రోజూ తీసే ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లు, గంటగంటకూ చేరే లావాదేవీల లాగ్‌లు పేక లాంటివి. పడుగు తెగాక పేక ఎంత ఉన్నా అది గుడ్డ కాదు, నూలు ఉండ. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజుల ఇంక్రిమెంటల్ ఫైళ్లు డిస్కు మీద చక్కగా కనబడుతుంటాయి, పరిమాణాలూ తేదీలూ సరిగ్గానే ఉంటాయి, ఒక్కటీ పనికిరాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు పీజీబ్యాక్‌రెస్ట్ లాంటి పనిముట్లు ఈ బంధుత్వం తెలిసి మసలుతాయి. పూర్తి బ్యాకప్ గడువు తీరితేనే దాని మీద ఆధారపడినవాటిని కలిపి తీస్తాయి. చేత్తో ఫైళ్లు చెరిపేవాడికి ఈ చుట్టరికం కనబడదు. అందుకే బ్యాకప్ ఫైళ్లను ఆ పనిముట్టు చేతనే తీయించాలి, ఫోల్డర్ తెరిచి తీయకూడదు. ఒరాకిల్‌లో బ్యాకప్ పనిముట్టు ఆర్‌మ్యాన్ దగ్గర కూడా ఇదే పద్ధతి.

రెండో కారణం స్క్రిప్ట్‌లలో ఉంది. చిన్న ఆఫీసుల్లో, కాలేజీల్లో, పురపాలక కార్యాలయాల్లో కనిపించే బ్యాకప్ స్క్రిప్ట్‌లకు సాధారణంగా రెండే వాక్యాలు. మొదటిది బ్యాకప్ తియ్యి అంటుంది, రెండోది ఏడు రోజులు దాటినవాటిని చెరుపు అంటుంది. మొదటి వాక్యం ఏదో పాస్‌వర్డ్ మారి విఫలమైందనుకుందాం. రెండోది మాత్రం ఠంచనుగా నడుస్తూనే ఉంటుంది. ఎనిమిదో రోజుకు అల్మరా ఖాళీ! చివరి మంచి ప్రతిని చెరిపింది ఏ శత్రువూ కాదు, నిర్వహణ పేరిట రాసుకున్న రెండో వాక్యం. కోడ్‌ను భద్రపరిచే మరో కంపెనీ గిట్‌ల్యాబ్‌కు 2017 జనవరి 31న జరిగినది దీనికి దగ్గరి చుట్టమే. ఒక ఇంజినీరు పొరపాటున వేరే సర్వర్‌లో డేటా చెరిపేశాడు, దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్‌ల కోసం చూస్తే క్లౌడ్‌లోని ఫోల్డర్ ఖాళీ. డేటాబేస్ వెర్షను ఒకటి, బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షను ఇంకొకటి కావడంతో ఆ పని ఎప్పటినుంచో విఫలమవుతూ ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు పంపుతున్నా అవతలి సర్వర్ వాటిని తిప్పికొట్టేది. ఆరు గంటల ముందు ఎవరో వేరే పని మీద చేత్తో తీసి ఉంచిన స్నాప్‌షాట్ కాపాడింది. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, మరో 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. ఇంత నామోషీని ఆ కంపెనీ దాచుకోలేదు, రికవరీని ప్రత్యక్షప్రసారం చేసింది. అందుకే ఇవాళ ఇన్ని వివరాలు తెలుస్తున్నాయి. మన దగ్గర ఏ సంస్థయినా అలా బయటికి చెప్పుకున్న సందర్భాలు అరుదు.

మూడోది గడువు లెక్కలోనే ఉన్న దోషం. ఎన్ని రోజులు ఉంచాలన్నది డిస్కు ధరను బట్టి నిర్ణయిస్తారు, నిజానికి తప్పు బయటపడటానికి పట్టే కాలాన్ని బట్టి నిర్ణయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్లు నెల మొదటి తేదీన ఇస్తారు. రెండో తేదీన జాబితాలో కొన్ని పేర్లు పొరపాటున తొలగిపోయాయనుకుందాం. ఆ సంగతి అవ్వకు తెలిసేది మళ్లీ మొదటి తేదీన, గుమ్మంలో కూర్చుని ఎదురుచూసినప్పుడు. ఏడు రోజుల బ్యాకప్‌లలో ఒక్కదానిలో కూడా ఆ పేర్లు ఉండవు. అన్నిటిలోనూ ఆ తప్పే భద్రంగా ఉంటుంది. అమెజాన్ ఆర్‌డీఎస్, అజూర్ ఎస్‌క్యూఎల్ అనే క్లౌడ్ డేటాబేస్‌లలో ఆటోమేటిక్ బ్యాకప్‌లను గరిష్ఠంగా ఉంచగలిగేది 35 రోజులు. నెల తిరిగే పనులకు అది సరిపోతుంది. ఏడాది చివర బయటపడే లెక్కల తేడాలకు సరిపోదు, వాటికి విడిగా నెలవారీ ప్రతులు తీసి దాచుకోవాలి. ఆర్‌డీఎస్‌లో ఇంకో మెలిక ఉంది. డేటాబేస్‌ను తీసేసేటప్పుడు ఉంచమని ప్రత్యేకంగా చెప్పకపోతే దాని ఆటోమేటిక్ బ్యాకప్‌లు కూడా వెంట పోతాయి. యజమానితో సహగమనం చేసే బ్యాకప్‌ను బ్యాకప్ అనడానికి నోరు రాదు.

తాళాల సంగతికొస్తే, కొన్ని పేరుకే తాళాలు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బ్యాకప్ తీసేటప్పుడు ఇన్ని రోజులు ఉంచాలని రాసే వీలుంది. చాలామంది దాన్ని చూసి నిశ్చింతగా ఉంటారు. అది చేసేదల్లా అదే ఫైలు మీద మరో బ్యాకప్‌ను రాయనివ్వకపోవడమే. విండోస్‌లో ఆ ఫైలును ఎంచి డిలీట్ నొక్కితే అడ్డుపడదు. లినక్స్‌లో ఫైలును మార్చడానికి వీల్లేకుండా చేసే గుర్తు కొంత మేలు, పొరపాటున చెరపడాన్ని ఆపుతుంది. రూట్ అధికారం ఉన్నవాడు ఒక్క వాక్యంతో ఆ గుర్తు తీసేయగలడు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్‌కు హోల్డ్ పెట్టడం కూడా ఈ కోవలోదే.

గట్టి తాళం 2018 నవంబరులో అమెజాన్ తెచ్చిన ఎస్3 ఆబ్జెక్ట్ లాక్. అందులో రెండు రకాలున్నాయి. గవర్నెన్స్ రకంలో ప్రత్యేక అనుమతి ఉన్నవారు తాళం తీయగలరు. కంప్లయన్స్ రకంలో గడువు తీరేదాకా ఖాతా యజమాని కూడా తీయలేడు. త్రిభువనాంకుశ ముద్రకు నేటి వారసుడు ఇదే. దీనికీ ఒక కంత ఉంది. ఖాతానే మూసేస్తే తాళం వేసిన ఫైళ్లు కూడా పోతాయి. క్లౌడ్ బిల్లు కట్టే క్రెడిట్ కార్డు గడువు తీరి, హెచ్చరికలు ఉద్యోగం మానేసిన మనిషి మెయిల్‌కు పోతూ ఉంటే ఏ తాళం ఏం చేస్తుంది? గూగుల్‌కు బకెట్ లాక్, అజూర్‌కు మార్పులేని బ్లాబ్ నిల్వ ఇలాంటివే. అమెజాన్ బ్యాకప్ వాల్ట్ లాక్‌లో కనీసం మూడు రోజుల మనసు మార్చుకునే వ్యవధి ఉంటుంది, ఆ తర్వాత ముడి పడిపోయినట్టే.

ఆ వ్యవధి ఎందుకు పెట్టారో తాళం వేసి నాలుక కరుచుకున్నవాళ్లకు తెలుసు. ఏడాది అని రాయబోయి పదేళ్లు రాస్తే పదేళ్లూ అద్దె కట్టాల్సిందే. అందుకే అన్నిటికీ కంప్లయన్స్ తాళం వేయమనే సలహా తొందరపాటు. చిన్న సంస్థకు రోజువారీ ప్రతుల మీద గవర్నెన్స్ తాళం, నెలకొకటి చొప్పున విడి ఖాతాలో కంప్లయన్స్ తాళం వేసిన ప్రతి ఉంటే చాలు. క్లౌడ్ లేనివాళ్లకు నెలకోసారి రాసి, తంతి ఊడదీసి బీరువాలో పెట్టే హార్డ్ డిస్కు కూడా తక్కువేమీ కాదు. కరెంటు లేని డిస్కును ఏ స్క్రిప్టూ చెరపలేదు. ఆ బీరువా మాత్రం అదే ఊళ్లో ఉండకపోతే మంచిది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వేటపాలెంలో అసలు, రేపల్లెలో నకలు పెట్టుకున్నవాళ్లకు రెండూ ఒకే గాలివానలో తడుస్తాయి.

చట్టం ఏమంటుందన్నది విడిగా చూడాలి, ఎందుకంటే అది రెండు వైపులా లాగుతుంది. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. 2022 ఆగస్టు సవరణ తర్వాత ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్ రోజూ తీయాలి, అది ఉండే సర్వర్ భారతదేశంలోనే ఉండాలి. జీఎస్టీ కింద వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు రికార్డులు నిలపాలి. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉండాలి. ఇవన్నీ ఉంచు అంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం పని అయిపోయాక మనిషి వివరాలు చెరిపెయ్యి అంటుంది. ఆ మనిషి వివరాలు తాళం వేసిన బ్యాకప్‌లో ఉంటే?

దీనికి ఇంజినీర్లు వెతికిన దారి తెలివైనదే. ఒక్కొక్కరి వివరాలను ఒక్కొక్క రహస్య తాళంచెవితో సంకేతీకరించి బ్యాకప్‌లో పెడతారు. చెరపమని అడిగినప్పుడు బ్యాకప్ జోలికి పోకుండా ఆ తాళంచెవిని నాశనం చేస్తారు. మిగిలింది అర్థంకాని అక్షరాల గుట్ట. కాకపోతే ఇది డేటాబేస్ కట్టే మొదటి రోజునే అనుకోవాల్సిన పని. పదేళ్ల పాత వ్యవస్థల్లో తర్వాత అతికించబోతే అతకదు. అవి గడువును వీలైనంత తగ్గించుకుని, ఆ గడువు లోపల మాత్రం ఎవరూ చెరపలేని ఏర్పాటు చేసుకోవడమే న్యాయం. ఎప్పటికీ చెరపం అని గర్వంగా చెప్పుకునే సంస్థలు కూడా ఉన్నాయి. వాళ్లకు లెక్క తెలియదనే అనుకోవాలి.

ఇంత చర్చలో ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరమైన చోట్లు కొద్దే. తెనాలిలోనో బాపట్లలోనో ఒక ఆడిటరు ఆఫీసు, ఒక సహకార సంఘం, ఒక కాలేజీ పరీక్షల విభాగం చేసుకోగల మార్పులు మూడు నాలుగుకు మించవు. బ్యాకప్‌లు రాసే ఖాతాకు చెరిపే హక్కు ఉండకూడదు. చెరిపే హక్కున్న పాస్‌వర్డ్ రోజూ సర్వర్ ముట్టుకునే మనిషి దగ్గర కాక, సీలు వేసిన కవరులో ప్రిన్సిపాల్ దగ్గరో కార్యదర్శి దగ్గరో ఉండాలి. ఒక్కరే అన్నీ చూసుకునే చోట ఈ రెండో చెయ్యి మరీ ముఖ్యం, నమ్మకం లేక కాదు, నిద్రకళ్లు అందరికీ ఉంటాయి గనుక. డిస్కు నిండకముందే, ముప్పావు నిండినప్పుడే కబురు రావాలి. మూడు నెలలకోసారి ఒక పాత బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో పూర్తిగా తెరిచి, అందులో లావాదేవీలు లెక్కపెట్టి చూడాలి. తెరవని బ్యాకప్ ఉన్నదో లేదో చెప్పడానికి గిట్‌ల్యాబ్‌వాళ్ల దగ్గర కూడా జవాబు లేకపోయింది.

ఇది చదివేవాళ్లలో ఏదో ఒక సర్వర్ బాధ్యత చూసేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు ఒక్క విన్నపం. ఇవాళే మీ బ్యాకప్ స్క్రిప్ట్ తెరిచి, చెరిపే వాక్యం ఏ షరతు మీద నడుస్తోందో చదవండి. అక్కడ తేదీ తప్ప వేరే షరతు లేకపోతే, ఆ వాక్యం ముందు ఒక గుర్తు పెట్టి ఆపేయండి. కొత్త బ్యాకప్ వచ్చిందని, అది తెరుచుకుందని తేలితేనే పాతదాన్ని తీసేలా మార్చాక మళ్లీ నడపండి. ఈలోపు డిస్కు నిండితే ఇంకో డిస్కు కొనండి.